ఎర్ర వైరు బాడీకి

ఆగలేదు. ఇంకా ఆగలేదు. ఖిల్లా ఘణపూర్ దాటి పద్దెనిమిది నిమిషాలైందని నా చేతి గడియారం చెబుతోంది, అయినా నమ్మకుండా మళ్లీ మళ్లీ చూస్తున్నాను, ఎందుకంటే ఎండాకాలంలో ఈ బండి పద్దెనిమిది నిమిషాలు ఆగకుండా నడవడం నేను పుట్టాక చూడలేదు. స్టీరింగు దగ్గర అబ్బా, ఎవరో లాక్కుపోతారన్నట్టు రెండు చేతులతో దాన్ని బిగబట్టుకుని ఉన్నాడు. ఆయన పక్కన దాదా, అంటే అబ్బా వాళ్ల నాన్న, ఊరందరికీ చోటే మియా, కళ్లు మూసుకుని ఇంజన్ చప్పుడు వింటున్నాడు. వెనక సీట్లో నేను, ఒళ్లో నీళ్ల సీసా, దాని పక్కన నా డైరీ. రంజాన్ నెల, ముగ్గురమూ రోజా, ఉపవాసం ఉన్నాం కాబట్టి ఈ నీళ్లు మాకు కాదు, బండికి. ఇది అంబాసిడర్, అబ్బా కంటే వయసులో పెద్దది, దీని రిజిస్ట్రేషన్ ఇవాళ్టితో అయిపోతుంది. పన్నెండు గంటల లోపల వనపర్తి చేరాలి, అక్కడ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడాలి, ఆయన ఆపమంటే ఆగాలి, స్టార్ట్ చేయమంటే స్టార్ట్ కావాలి. కాకపోతే మంగళవారం పాత ఇనుము లారీ మా వాకిట్లోకి వస్తుంది. అబ్బా వాళ్లకు మాట ఇచ్చేశాడు. దాదా కాదనలేదు. కాదని ఉంటే బాగుండేది, గట్టిగా అరిచి ఉంటే ఇంకా బాగుండేది, ఆయన మాత్రం తల ఊపి వెళ్లి బండి అద్దాలు తుడిచాడు, నాలుగు వైపులా, ముందు పొడిగుడ్డతో, తర్వాత తడిగుడ్డతో.

పంతొమ్మిది నిమిషాలు. నా గుండె ఎందుకింత కొట్టుకుంటోంది, పరుగెత్తుతున్నది బండి కదా, నేను కూర్చునే ఉన్నాను కదా. కిటికీలోంచి వేడిగాలి, కోసిన వేరుశనగ చేల వాసన, ఒక గొర్రెల మంద, కాపరి చెయ్యెత్తి ఏదో అరిచాడు, దాదా కళ్లు తెరవకుండానే చెయ్యెత్తాడు, ఎవరో చూడకుండానే. ఈ దారిలో ఎవరైనా కావచ్చు, అందరినీ ఎప్పుడో ఒకప్పుడు ఎక్కించుకున్నాడు ఆయన. నలభై ఏళ్లు టాక్సీ నడిపాడు. ఎక్కినవాళ్లలో సగం మంది దిగి తోసినవాళ్లే అని అమ్మీ నవ్వుతుంది. ఇంజన్ పక్కన ఒక నల్లటి మూత ఉంటుంది, దాని కింద రెండు చిన్న ఇనుప పెదవులు, వాటిని పాయింట్లు అంటారు. ఇంజన్ తిరిగినంతసేపూ అవి కలుస్తూ విడిపోతూ ఉంటాయి, విడిపోయిన ప్రతిసారీ ప్లగ్గులో ఒక నిప్పురవ్వ పుడుతుంది, ఆ రవ్వతోనే పెట్రోలు మండి బండి కదులుతుంది. కాని అలా కలిసి విడిపోయిన ప్రతిసారీ అవి కొంచెం కొంచెం కాలిపోతాయి, నల్లబడతాయి, మధ్య సందు మారిపోతుంది, ఎండకు ఇంకా మారుతుంది, అంతే, నడిదారిలో దగ్గినట్టు ఒక చప్పుడు చేసి బండి ఆగిపోతుంది. అప్పుడు దాదా దిగి, మూత తీసి, గరుకు కాగితంతో ఆ పెదవులను రుద్ది, ఒక పెళ్లి కార్డు ముక్కను మధ్యలో పెట్టి సరిచేసేవాడు. పెళ్లి కార్డు మందం ఎంతో సందు అంతే ఉండాలి. ఎవరి పెళ్లిదో తెలియదు, అక్షరాలన్నీ అరిగిపోయి బంగారు రంగు అంచు మాత్రమే మిగిలింది. కార్డును లాగినప్పుడు వేళ్లకు తెలిసే ఆ చిన్న పట్టు, అది చాలా వదులుగా ఉండకూడదు, బిగుతుగా ఉండకూడదు, దాన్ని దాదా వేళ్లు తప్ప ఎవరి వేళ్లూ గుర్తుపట్టలేవు. అబ్బా చాలాసార్లు ప్రయత్నించాడు. అబ్బా వెల్డింగ్ పనివాడు, ఆయన చేతులకు గట్టి పనులే తెలుసు.

రెండేళ్లుగా దాదా చేతులు వణుకుతున్నాయి. మొదట్లో నాకొక్కదానికే తెలుసు. శుక్రవారం నమాజు అయ్యాక ఆయన మూత తీసి కూర్చుంటే నేను పక్కన నిలబడి స్క్రూ డ్రైవరు అందించేదాన్ని. కార్డు ముక్క కిందపడేది. ఆయన దాన్ని తీసుకుని ఊది మళ్లీ పెట్టేవాడు, మళ్లీ పడేది, నావైపు చూడకుండా మళ్లీ ఊదేవాడు. నేను కూడా చూడనట్టు కొండమీది ఖిల్లా వైపు చూసేదాన్ని. ఒక సాయంత్రం డైరీలో రాసుకున్నాను, దాదా చేతులు వణకకపోతే బండి ఆగదు అని. రాశాక ఆ వాక్యం చూస్తే సిగ్గేసింది, తప్పంతా దాదాదే అన్నట్టు ఉంది. కొట్టేసి, కింద ఇంకో వాక్యం రాశాను. చేతులతో పనిలేని పాయింట్లు ఉంటే?

ఉన్నాయి! ఉన్నాయని ఒక మధ్యాహ్నం తెలిసింది. అమ్మీ ఫోనులో ఎవరో ముసలాయన, ఏ దేశమో తెలియదు, అచ్చం ఇలాంటి మూతే తీసి, లోపలి పెదవులు రెండింటినీ పీకి పక్కన పడేసి, వాటి చోట బొటనవేలంత నల్లటి డబ్బ ఒకటి బిగించాడు. మధ్యలో తిరిగే ఇరుసుకు ఉంగరంలాంటిది తొడిగాడు. ఆ ఉంగరంలో నాలుగు అయస్కాంతాలు. ఇరుసు తిరిగితే అయస్కాంతం డబ్బ ముందు నుంచి వెళుతుంది, అంతే, తాకదు, పక్కనుంచి వెళుతుంది, వెళ్లిందని డబ్బకు తెలిసిపోతుంది, ప్లగ్గులో నిప్పు పుడుతుంది. తాకకుండానే! అరగడానికి ఏమీ లేదు, కాలడానికి ఏమీ లేదు, పెళ్లి కార్డు అక్కర్లేదు. స్కూల్లో సైన్స్ మేడమ్ కాగితం మీద ఇనుప రజను పోసి కింద అయస్కాంతం కదిపితే ఆ రజను లేచి నిలబడింది, క్లాసంతా అరిచింది, నేను అరవలేదు, కాని ఇంటికొచ్చి ఒంటరిగా నాలుగుసార్లు గెంతాను. ఫోను చూసిన రోజు కూడా అలాగే గెంతాను. గెంతి, ఇక ఎవరికి చెప్పాలి అని కూర్చుండిపోయాను. అబ్బాకు చెప్పాలంటే ఎదురుగా నిలబడాలి, ఆయన ఏందే అంటాడు, నేను ఏం లేదు అంటాను, ఎప్పుడూ అంతే. అందుకని డైరీలోంచి ఒక పేజీ చింపి, బొమ్మ గీసి, డబ్బ, ఉంగరం, నాలుగు అయస్కాంతాలు, అన్నీ బాణం గుర్తులతో రాసి, మడిచి బండి స్టీరింగుకు గుచ్చి వచ్చాను. దాదా దాన్ని మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాడు. నాలుగో రోజు అబ్బా ముందు పెట్టాడు. అబ్బా చదివి, నన్ను చూసి, మళ్లీ చదివి, "ఇదే ఆఖరు" అన్నాడు. కోయంబత్తూరు నుంచి పార్సిల్ వచ్చింది. మూడు వారాలు పట్టి, ఇక నాలుగు రోజులే గడువు ఉందనగా వచ్చింది.

"ఎంతయింది?" అన్నాడు అబ్బా, అద్దంలోంచి నన్ను చూసి. "ఇరవై నాలుగు నిమిషాలు" అన్నాను. "పెద్దమందడి గుట్ట ఎక్కనీ, అప్పుడు చెప్పు" అన్నాడు. ఈ మాట అనకుండా ఉంటే బాగుండేది. ఆ చిన్న ఎత్తు దగ్గరే ఈ బండి ఎప్పుడూ ఆగేది. సాంసన్ మామ పుట్టింది అక్కడే. నిజంగానే అక్కడే, ఈ సీటు మీదే, నేను ఇప్పుడు కూర్చున్న చోటే. వాళ్ల అమ్మ జమ్ములమ్మ అవ్వకు నొప్పులొస్తే దాదా వనపర్తి దవాఖానకు తీసుకుపోతుంటే ఆ ఎత్తులో బండి ఆగిపోయింది, దాదా బయట మూత తీసి పాయింట్లు రుద్దుతుంటే లోపల పిల్లవాడి ఏడుపు వినిపించింది. ఆ పిల్లవాడే పెరిగి పెద్దయి మెకానిక్ అయ్యాడు, ఊళ్లో ఆటోలన్నీ ఆయన చేతిలోవే. దాదాకు ఆయన కనిపిస్తే చాలు, నా సీటు ఖరాబు చేసినోడా అని పిలుస్తాడు. మొన్న డబ్బ బిగించడానికి వచ్చింది సాంసన్ మామే.

మొన్నటిది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. బానెట్ ఎత్తి ఉంది, చుట్టూ సాంసన్ మామ, అబ్బా, దాదా. నేను గోడ దగ్గర, చేతిలో పార్సిల్‌లో వచ్చిన కాగితం. ఇంగ్లీషులో ఉంది, ఒక్కో మాటకూ ఫోనులో అర్థం చూసుకుంటూ రెండు రోజులు చదివాను, ఎర్ర గీత గీసి పెద్ద అక్షరాలతో రాసిన వాక్యాన్నయితే పదిసార్లు. ఈ డబ్బ బ్యాటరీ మైనస్ వైపును బాడీకి, అంటే బండి రేకుకు, కలిపిన బండ్లకు మాత్రమే. ఉల్టా కలిపితే వెంటనే కాలిపోతుంది. సాంసన్ మామ డబ్బ బిగించాడు, ఉంగరం తొడిగాడు, వైర్లు కలిపాడు, చివరికి బ్యాటరీ దగ్గరికి వచ్చి ఆగాడు.

"దాదా, బ్యాటరీ ఉల్టా పెట్టినవ్ కదా. ఎర్ర వైరు బాడీకెందుకుంది? లోకమంతా నల్లదే బాడీకి."

"లోకం సంగతి నాకు తెల్వదు. ఈ బండిల ఎర్రది బాడీకే. నీ తల్లి నొప్పులు పడ్డనాడు గూడ గట్లనే ఉండె."

"గందుకే ఆగినట్టుంది."

"ఆగినందుకే నువ్వు రోడ్డు మీద పుట్టినవ్ రా. ఆగకుంటే దవాఖానల పుట్టి ఆఫీసరయితుంటివి. నా సీటన్న బాగుంటుండె."

అబ్బా కూడా నవ్వాడు. సాంసన్ మామ కూడా నవ్వుతూ, సరే నీ బండి నీ ఇష్టం అని, ఎర్ర వైరును బాడీకే ఉంచి, నల్ల వైరును బ్యాటరీకి తగిలించడానికి పానా అందుకున్నాడు. దాదా చెప్పింది అబద్ధం కాదు. వెనకటి కాలంలో కొన్ని బండ్లను అట్లాగే కట్టేవాళ్లు, ప్లస్ వైపు బాడీకి కలిపి. మా ఇంట్లో పుట్టిన ప్రతి ఒక్కరికీ ఎర్రది బాడీకి అని దాదా నేర్పాడు, నాకు కూడా, నాకు ఆరేళ్లప్పుడు. దాదా బండి గురించి దాదా మాట నిజం. లోకం గురించి సాంసన్ మామ మాట నిజం. డబ్బ మాత్రం ఎవరి మాటా వినదు, కాలిపోతుంది, ఉన్నది ఒక్కటే డబ్బ, ఇంకోటి రావడానికి మళ్లీ మూడు వారాలు. ఇదంతా నాకు తెలుసు, నాకొక్కదానికే తెలుసు, నోరు తెరిచాను, గాలి వచ్చింది, మాట రాలేదు. పానా బ్యాటరీ దగ్గరికి వెళుతోంది. ఆగుండ్రి అనాలి, మూడు అక్షరాలు, రావడం లేదు. మాట రాలేదు కాని చెయ్యి ముందుకు పోయింది. ఎప్పుడు గోడ దగ్గరనుంచి కదిలానో తెలియదు, బ్యాటరీ మీద నా అరచెయ్యి బోర్లించి నిలబడి ఉన్నాను.

"అరె, చెయ్యి తియ్యి బిడ్డా, దెబ్బ తాకుతది" అన్నాడు సాంసన్ మామ. నేను తీయలేదు. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. చెమట కారి కంట్లోకి పోయింది. కాగితం ముందుకు చాచాను. చాచాక, అది ఇంగ్లీషు కదా అని గుర్తొచ్చి, ఇక తప్పదని చెప్పాను. "ఎర్రది బాడీకుంటే డబ్బ కాలిపోతది." ఆయన వినబడలేదని వంగాడు. మళ్లీ చెప్పాను. ఈసారి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, పక్కింటి అమ్మాయి మాట్లాడినట్టు. తర్వాత ఆగలేదు, అదేమిటో, ఒకసారి మొదలయ్యాక ఆగలేదు, బ్యాటరీని తిప్పాలని, ప్లగ్గులకు కరెంటు పంపే కాయిల్ మీద రెండు వైర్లు తారుమారు చేయాలని, బ్యాటరీని నింపే డైనమోకు కూడా కొత్త దిక్కు నేర్పాలని, బ్యాటరీ నుంచి ఒక తీగను దాని మీద ఒక్క క్షణం తాకించి తీసేస్తే చాలని, డైరీలో రాసుకున్న మూడింటినీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. సాంసన్ మామ అబ్బా వైపు చూశాడు. అబ్బా దాదా వైపు చూశాడు. దాదా సాంసన్ మామ చేతిలోంచి పానా తీసుకుని, వణికే చేతులతో, నలభై ఏళ్లు తానే బిగించిన ఎర్ర వైరును బాడీ నుంచి తానే ఊడదీశాడు. చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం పోలేదు. డైనమోకు తీగ తాకించినప్పుడు నీలంగా ఒక రవ్వ ఎగిరింది, సాంసన్ మామ తీగను నా చేతికే ఇచ్చాడు కాబట్టి ఆ రవ్వ నాది. వాకిట్లో ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. కాని వాకిట్లో నిలబడి నడవడం వేరు, మార్చి ఎండలో పెద్దమందడి ఎత్తు ఎక్కడం వేరు.

ఎక్కుతోంది. ఎత్తు మొదలైంది. అబ్బా గేరు మార్చాడు, బండి ఒక్క క్షణం బరువుగా అయింది, నేను సీటు అంచు పట్టుకున్నాను, ముందుకు వంగాను, నేను వంగితే బండికి బరువు తగ్గుతుందా, తగ్గదు, అయినా వంగాను. దగ్గు రాలేదు. దగ్గు రావాల్సిన మలుపు దాటాం. ఎడమ పక్క బండరాయి, దాని మీద సున్నంతో రాసిన ఏదో దుకాణం పేరు, అది కూడా వెనక్కి పోయింది. పైకి వచ్చేశాం! అవతల రోడ్డు తిన్నగా, నల్లగా, కాలువ నీళ్లతో పచ్చబడ్డ వరి మధ్య నుంచి దిగిపోతోంది, బండి దానంతటదే వేగం అందుకుంది, కిటికీ గాలికి నా దుపట్టా ఎగిరి దాదా మెడకు తగిలింది, ఆయన దాన్ని పట్టుకుని అలాగే ఉంచుకున్నాడు. అరవాలనిపిస్తోంది. అరిస్తే అబ్బా ఉలిక్కిపడి కాలువలోకి పోనిస్తాడేమో. పెదవులు కొరుక్కుని డైరీ తెరిచి ఆ కుదుపుల్లోనే రాశాను, ఎక్కింది, ఎక్కింది, ఎక్కింది. మూడోసారి రాసింది అక్షరంలా లేదు, కోడి గీకినట్టు ఉంది.

పెద్దమందడి ఊళ్లో ఒక ట్రాక్టరు అడ్డం వస్తే నెమ్మదించాం. దాదా ముఖం తుడుచుకోవడానికి, ఎదురుగా వేలాడేసిన తువాలు తీసుకున్నాడు. ఊరు దాటి మళ్లీ వేగం అందుకున్నాక అబ్బా చూపు తువాలు తీసిన చోట పడింది. అక్కడ కరెంటు మీటరు ఉంది, దాదా ఎప్పుడో ఒక పాత లారీ నుంచి తీసి బిగించినది. ముల్లు మధ్యలో ఉంటే ఏమీ లేదని, కుడివైపు ప్లస్ మీదికి పోతే బ్యాటరీ నిండుతోందని, ఎడమవైపు మైనస్ మీదికి పోతే ఖాళీ అవుతోందని గుర్తు. ముల్లు ఎడమవైపు చివరిదాకా ఒరిగి ఉంది.

"బాబా, ఇగో చూడు" అన్నాడు అబ్బా, గొంతు మారిపోయింది. దాదా కళ్లు తెరిచి చూశాడు. "డైనమో చార్జింగ్ ఇస్తలేదు. బ్యాటరీ అంతా ఖాళీ అయితున్నది. సాంసన్ చెప్పిండు కదా, కరెంటు తగ్గితే డబ్బ పని చెయ్యదని." బండి పక్కకు తీసి నిలిపాడు, ఇంజన్ మాత్రం ఆపలేదు, ఆపితే మళ్లీ అందుకుంటుందో లేదో ఎవరికి తెలుసు. ఫోను తీసి సాంసన్ మామకు కలిపాడు. సాంసన్ మామ పొద్దున్నే అచ్చంపేట పోయాడు, అడవి వైపు, ఫోను కలవలేదు. "పెద్దమందడికి మళ్లుదాం, బ్యాటరీ పనోడు ఉంటడు" అన్నాడు అబ్బా. టైము పదకొండు అయింది. పనోడు విప్పి చూసి బాగు చేసేసరికి ఒంటిగంట. ఒంటిగంటకు ఇన్‌స్పెక్టర్ ఉండడు, ఇవాళ్టి తేదీ మిగలదు, మంగళవారం లారీ వస్తుంది. అబ్బా నావైపు తిరగలేదు, తిరిగి ఒక్క మాట అన్నా బాగుండేది. అద్దంలో ఆయన కళ్లు కనిపిస్తున్నాయి, కోపం కాదు, అలసట. డైనమోకు తీగ తాకించింది నేనే. ఎక్కువసేపు తాకించానా? తక్కువసేపు తాకించానా? నీలం రవ్వ చూసి నాదే అని మురిసిపోయాను, ఆ మురిపెంలో ఏదైనా కాల్చేశానా?

కాని మొన్న ఎందుకు కనిపించలేదు ఇది? మొన్న వాకిట్లో మెల్లగా తిరుగుతుంటే ముల్లు మధ్యలోనే ఉంది. మెల్లగా తిరిగితే డైనమో ఏమీ ఇవ్వదు, వేగం వస్తేనే ఇస్తుంది, అది ఎప్పుడూ అంతే. ఇప్పుడు వేగం వచ్చింది, ముల్లు ఒరిగింది. వేగం వల్లే ఒరిగింది. ఖాళీ అయ్యేదయితే వేగం లేనప్పుడే ఎక్కువ ఒరగాలి కదా? ఇప్పుడు బండి నిలబడి ఉంది, మెల్లగా తిరుగుతోంది. చూశాను. సీట్ల మధ్య నుంచి మెడ చాచి చూశాను. ముల్లు మధ్యకు వచ్చేసింది! నిలబడితే మధ్యకు వచ్చింది. అంటే వేగంలో డైనమో ఇస్తూనే ఉంది, ముల్లు కదిలేది అది ఇస్తున్నందుకే, ఇస్తున్నదాన్ని ముల్లు ఉల్టా చూపిస్తోంది, ఎందుకు ఉల్టా, బ్యాటరీని తిప్పాం, కాయిల్‌ను తిప్పాం, డైనమోను తిప్పాం, మూడు, డైరీలో మూడే రాశాను. నాలుగోది రాయలేదు. యా అల్లా, మీటరు రాయలేదు. దాని రెండు వైర్లు పాతపద్ధతిలోనే ఉన్నాయి. పాపం అది ఎర్రది బాడీకే అనుకుని చెబుతోంది. తప్పు డైనమోది కాదు, డబ్బది కాదు, నాది, నా డైరీ పేజీది, కాని ఎంత మంచి తప్పు! దాని వల్ల ఏదీ కాలదు, ఏదీ ఆగదు! నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, అబ్బా అప్పటికే స్టీరింగు వెనక్కి తిప్పుతున్నాడు.

"అబ్బా, లైట్లు వెయ్యి."

"ఏందే?"

"పెద్ద లైట్లు. ఒక్కసారి వెయ్యి."

"ఉన్న కరెంటే పోతుంటే లైట్లు ఏస్తదంట! పరేషాన్ల పరేషాన్."

"ఏం లేదు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, అలవాటుగా. మింగేశాను. "లైట్లు వేస్తే కరెంటు ఖర్చయితది కదా అబ్బా. అయితే ముల్లు మైనస్ దిక్కు పోవాలె. చూద్దాం."

దాదానే చెయ్యి చాచి మీట లాగాడు. పట్టపగలు, ఎండలో, మా బండి లైట్లు వెలిగాయి. ముల్లు కదిలింది, కుడివైపుకు, ప్లస్ వైపుకు, తొందరేమీ లేనట్టు మెల్లగా.

ఎదురుగా బస్సు వచ్చింది, మా లైట్లు చూసి డ్రైవరు ఏందన్నట్టు చెయ్యి తిప్పాడు. "లైట్లేస్తే బ్యాటరీ నిండుతదా?" అన్నాను నేను, మెల్లగానే. దాదా భుజాలు కదలడం మొదలైంది. ముందు దగ్గు అనుకున్నాను. నవ్వు. నోట్లో రెండు పళ్లు లేని నవ్వు, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "అరె బాసిత్," అన్నాడు అబ్బాతో, "అన్నిటినీ తిప్పినం, దీన్ని మరిచినం రా. ముసల్ది నా లెక్కనే పాతపాటనే పాడుతున్నది!" అబ్బా లైట్లు ఆర్పి, వెలిగించి, ఆర్పి, మళ్లీ వెలిగించి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగాడు, అద్దంలోంచి కాదు, పూర్తిగా మెడ తిప్పి. "ఇంట్ల ఉప్పు అడగనీకె గూడ నోరు రాదు నీకు" అన్నాడు. "ఇయ్యాల మీటరుతోని గూడ కొట్లాడుతవా?" అని, ముందుకు తిరిగి, గేరు వేసి, బండిని వనపర్తి వైపే పోనిచ్చాడు.

ఇక దారి ఎలా పోయిందో చెప్పలేను. వేగం పెరిగితే ముల్లు మైనస్‌కు పోతుంది, పోయినప్పుడల్లా నాకు చప్పట్లు కొట్టాలనిపిస్తోంది. ఇంకా పో, ఇంకా పో, చివరిదాకా పో. మామిడితోట ఒకటి వచ్చింది, పూత వాసన ఒక్కసారిగా బండంతా నిండింది, పొద్దుటి నుంచి ఏమీ తినని కడుపులో అదేదో తీపిలా దిగింది. దాదా కళ్లు మూసుకోలేదు ఇప్పుడు. చప్పుడు వినడం మానేశాడు. బయటికి చూస్తున్నాడు. నాకు తెలిసి ఆయన ఈ దారిని ఎప్పుడూ ఇలా చూసి ఉండడు, చెవులన్నీ ఇంజన్ మీదే పెట్టి నడిపాడు నలభై ఏళ్లూ, ఎక్కడ దగ్గుతుందో, ఎక్కడ దిగాలో అని. "గీ చెరువు ఎప్పుడు నిండింది?" అని అడిగాడు. "ఐదారేండ్ల నుంచి నిండుగనే ఉన్నది బాబా" అన్నాడు అబ్బా. "నేను చూడలే" అన్నాడు దాదా. తర్వాత ఎవరో మోటారు సైకిలాయన మా పక్కగా వచ్చి, కొంతదూరం మాతోపాటే నడిపి, బండిని మొత్తం చూసి, బొటనవేలు ఎత్తి వెళ్లాడు. దాదా గడ్డం దువ్వుకున్నాడు.

పదకొండు నలభైకి ఆఫీసు వెనక మైదానంలోకి వచ్చాం. ట్రాక్టర్లు, స్కూలు బస్సులు, ఒక కొత్త ఆటో, అన్నిటి మధ్యా మా తెల్ల బండి పెళ్లికి వచ్చిన పెద్దమనిషిలా నిలబడింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తల మీద రుమాలు వేసుకుని వచ్చాడు. హారన్ కొట్టించాడు, లైట్లు చూశాడు, ముందుకూ వెనక్కూ నడిపించి బ్రేకులు చూశాడు. "ఇగ బంద్ చెయ్యుండ్రి, నంబరు చూడాలె" అన్నాడు. అబ్బా తాళం తిప్పాడు. గంటకు పైగా విన్న చప్పుడు ఒక్కసారి పోయేసరికి చెవులు బరువెక్కాయి. బానెట్ తెరిచారు. దాన్ని నిలబెట్టే కడ్డీ వంగిపోయి నిలవడం లేదు, అబ్బా రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ వంగి, లోపల ఇనుములో చెక్కిన నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దుతున్నాడు, సరిగా పడలేదని ఇంకోసారి, ఇంకో కాగితం. ఇంజన్ సెగ ఎదురుగా గాలిలో వణుకుతూ కనిపిస్తోంది. ఇదే, ఇదే చెడ్డ సమయం, పరుగెత్తి ఆగాక వేడంతా లోపలే కూర్చుంటుంది, ఇలా పది నిమిషాలు ఆగితే పాత రోజుల్లో సాయంత్రం దాకా లేచేది కాదు. ఐదు నిమిషాలు. ఏడు. నిమిషాలు చూడొద్దనుకుని గడియారాన్ని చున్నీలో చుట్టేశాను. వేడెక్కిన పెట్రోలు పంపు మీద వేయడానికి సీసా నీళ్లతో తడిపిన గుడ్డ చేతిలోనే ఉంది, వెళ్లి వేయనా, వేస్తే ఇన్‌స్పెక్టర్ ఎందుకని అడుగుతాడు, అడిగితే బండి రోగం బయటపడుతుంది.

"సరె. ఇగ స్టార్ట్ చెయ్యుండ్రి" అన్నాడు ఇన్‌స్పెక్టర్, పెన్సిలు చెవి వెనక పెట్టుకుంటూ. అబ్బా బానెట్ వదల్లేడు. దాదా వైపు చూశాడు. దాదా దిగాడు, డ్రైవరు సీటు వైపు పోలేదు, నా వైపు వచ్చి నా తలుపు తీశాడు. "ముంగటికి పో" అన్నాడు. నేను కదల్లేదు. "నువ్వు వెయ్యి దాదా" అన్నాను. "నాకు పాత బండి స్టార్ట్ చేసుడు తెలుసు. ఇది నీది. పో."

అబ్బా సీటు ఇంకా వెచ్చగా ఉంది. స్టీరింగు ఇంత పెద్దదని ఇక్కడ కూర్చుంటే గాని తెలియలేదు, దాని పైనుంచి చూస్తే ఎత్తిన బానెట్ తప్ప ఏమీ కనిపించలేదు, ఆకాశం అంచు కొంచెం, అబ్బా మోచేయి కొంచెం. గేరు కదిపి చూశాను, వదులుగా ఉంది, బండి గేరులో లేదు. తాళం తిప్పాను. చిన్న ఎర్ర దీపం వెలిగింది. స్టార్టరు బుడిపె మీద వేళ్లు పెట్టాను, బిస్మిల్లా అనుకున్నాను, లాగాను. లాగడం ఇంకా పూర్తి కానేలేదు. అప్పుడే అందుకుంది. దగ్గలేదు, గునగలేదు, నా కాళ్ల కింద నుంచి, సీటు నుంచి, వెన్ను మీదుగా తల దాకా ఒకే ఒక్క గట్టి, నిండు చప్పుడు, నా చెయ్యి ఇంకా బుడిపె మీదే ఉంది. ఇన్‌స్పెక్టర్ ఒక్క అడుగు వెనక్కి వేశాడు. అబ్బా బానెట్‌ను దించేశాడు, అద్దంలోంచి అందరూ ఒక్కసారి కనిపించారు, దాదా నడుము మీద చేతులు పెట్టుకుని, అబ్బా అరచేతుల నల్లమసిని చూసుకుంటూ నవ్వుతూ, ఇన్‌స్పెక్టర్ బానెట్ మీదే కాగితం పెట్టుకుని సంతకం చేస్తూ, ఇంజన్ అదురుకు ఆయన సంతకం కూడా అదురుతూ.

"అయిపోయింది. బంద్ చెయ్ బిడ్డా" అన్నాడాయన.

"ఇంకొక్క నిమిషం సార్" అన్నాను.